తేనె నాకించినవాళ్ళ బుద్ధి

అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చేసినవాళ్ళకి రెండు జబ్బులు తప్పవు. ఒకటి నడుం నొప్పి. రెండోది, ఎక్కడ చంటిపిల్ల కనిపించినా వయసెంతో అడిగి, ఆ వయసుకి రావాల్సినవన్నీ వచ్చాయో లేదో మనసులో సరిచూసుకోవడం. రిటైరయ్యాక నడుం కాస్త కుదుటపడింది గానీ రెండోది పోలేదు. మొన్న పలాస స్టేషన్లో ఒక పిల్లాడు నా కళ్ళజోడు పట్టుకుని లాగితే, "వేళ్ళకి పట్టు వచ్చేసిందే, తొమ్మిదో నెలా?" అన్నాను. వాళ్ళమ్మ నన్ను పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని చూసినట్టు చూసి, పిల్లాణ్ణి తీసుకుని వేరే బల్ల మీదకి వెళ్ళిపోయింది.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు ఈ మధ్య మా ఇంటికొచ్చి, "మీరు మర్చిపోలేని కేసేదైనా చెప్పండి మేడం" అన్నారు. బరువు పెరగని పిల్లల సంగతో, పై అధికారుల తనిఖీల సంగతో చెబుతాననుకున్నట్టున్నారు. నాకు మాత్రం వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో జరిగిన తేనె తగువు గుర్తొచ్చింది. వాళ్ళ టీలు చల్లారిపోయేదాకా చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను, ఆ ఊళ్ళో నేనింకా ఎండుచేపలు కొనుక్కోవాలి.

తేనె సంగతి తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి. బిడ్డ పుట్టగానే నాలుక మీద ఒక తేనె చుక్క రాసే అలవాటు మా వైపు ఉంది. ఎవరు నాకిస్తే బిడ్డకి వాళ్ళ బుద్ధులొస్తాయని నమ్మకం. అందుకని కడుపుతో ఉన్నప్పుడే ఇంట్లో మంతనాలు మొదలవుతాయి. ఫలానా మావయ్య మంచివాడే గానీ పిసినారి. ఫలానా పిన్ని చలాకీదే గానీ ముక్కు మీద కోపం. ఫలానా తాతకి అన్నీ బాగున్నాయి గానీ సాయంత్రమైతే నిలబడలేడు. ఎన్నికల్లో టిక్కెట్టు కూడా అంత వడబోసి ఇవ్వరు.

నా ఉద్యోగమేమో ఆ తేనె వద్దని చెప్పడం. పుట్టగానే ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళయినా వద్దు అని ఊరూరా గొంతు చించుకునేదాన్ని. అందరూ బుద్ధిగా తలూపేవారు. "మాకేటి తెలవదేటండి, ఎందుకు పెడతాం" అనేవారు. తేనె సీసా మాత్రం దిండు కింద ఉండేది. గోడకి చెప్పినా ఒకటే, వీళ్ళకి చెప్పినా ఒకటే అని నేను, మా తోటి సూపర్‌వైజరు తిరుగు ఆటోలో నిట్టూర్చేవాళ్ళం.

ఆ తోటి సూపర్‌వైజరు ఎంత సరదా మనిషో చెప్పకపోతే పాపం. ఒకసారి టెక్కలిలో మాకు పిల్లల ఎదుగుదల మీద శిక్షణ పెట్టారు. మనిషి స్వభావం పుట్టుకతోనే వస్తుందని కొందరు పండితులంటారట. కాదు, పెంపకంతో, చుట్టూ ఉన్న మనుషులతో వస్తుందని ఇంకొందరంటారట. లేదు లేదు, మెట్టు మెట్టుగా వస్తుంది, ఏ వయసులో వంగాల్సింది ఆ వయసులోనే వంగాలని మరికొందరి వాదమట. వచ్చినాయన తెర మీద బొమ్మలు వేసి పొద్దస్తమానం చెప్పాడు. నేను నోట్సు రాసుకుంటూ, "ఇవన్నీ మనకి తెలిసినవేనే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు, ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు, మొక్కై వంగనిది మానై వంగునా. అంతేగా" అన్నాను. ఆవిడ చెవిలో గుసగుసగా, "మూడూ మా అత్త వాడతాది. మా ఆడపడుచు పిల్లలు మంచిగా ఉంటే పుట్టుక. నా పిల్లలు అల్లరి చేస్తే సావాసం. నన్ను తిట్టాలంటే మొక్క, మాను" అంది. ఆ రోజు మా ఇద్దర్నీ ముందు వరసలోకి మార్చారు.

నవ్వుకున్నాం గానీ, ఆవిడ చెప్పింది నిజం. మనుషుల బుద్ధుల గురించి మనకి సిద్ధాంతాలకేం కొదవలేదు. ఎవరి మీద ఏది విసరాలో చూసుకుని విసురుతుంటాం, అంతే. మా ప్రాజెక్టు ఆఫీసరు కూడా సిబ్బందినంతా చురుకు, నిదానం, మొండి అని మూడు రకాలుగా విడగొట్టేవాడు. నేను మూడో రకం. ఒకసారి ఆ రకంలో పడ్డాక ఎంత చురుగ్గా పనిచేసినా "మొండి గదా, పంతం పట్టి చేసింది" అనేవాడు.

ఇక అసలు కథ. ఆ పల్లెలోని అంగన్‌వాడీ టీచరు మంచి మాటకారి. ఆవిడకి ఊపిరి తీసుకునే తీరిక ఎప్పుడు దొరికేదో నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు నేను కేంద్రంలో అడుగు పెడుతూనే ఒక నాలుగేళ్ళ పిల్లని నా ముందుకి తోసింది.

"ఈ గుంట నోరిప్పట్నేదండి మేడం. సేరి ఇన్నాళ్ళయినాది. పేరడిగితే సూత్తాది. పాట పాడమంటే సూత్తాది. గుడ్డు కావాలా అంటే సెయ్యి సాపుతాది గానీ, కావాలని అన్దు."

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. సన్నగా, నూనె పెట్టి బిగించిన రెండు పిలకలతో, పెద్ద కళ్ళేసుకుని నిలబడింది. నేను చార్టు తీశాను. నాలుగేళ్ళకి పేరు చెప్పాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి, చిన్న కథ చెప్పాలి, పాట పాడాలి. నా పద్ధతి నాకుంది. బొమ్మల కార్డు చూపించి, "ఇదేంటమ్మా, కుక్క కదూ? భౌ భౌ అంటుంది కదూ? నువ్వు కూడా అను" అన్నాను. పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. కుక్క పేరూ నేనే చెప్పి, అరుపూ నేనే అరిచేశాక ఇక తను చెప్పడానికి మిగిలిందేమిటన్నట్టుంది ఆ చూపు. కానీ రంగులు వేరు చేయమంటే చేసింది. గీత మీద నడవమంటే నడిచింది. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసింది. మాట ఒక్కటే లేదు.

అంతలో టీచరు పిల్లలందరికీ "సేతులు కట్టుకోండి, నోటి మీద ఏలు" అని ఆజ్ఞ వేసింది. గదిలో ఆ మాట విన్నది ఈ పిల్ల ఒక్కతే. మిగతా వాళ్ళు యథాప్రకారం కీచులాడుకుంటున్నారు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. తండ్రి గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళి ఉన్నాడు. తల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి తెల్లారకుండానే ఆటోలో వెళ్ళి దీపాల వేళకి వస్తుంది. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది, ఆవిడ గొంతు వీధి మొదట్లో ఉండగానే మాకు వినిపించింది. పిల్ల గురించి అడిగీ అడగగానే తల్లి కళ్ళు తుడుచుకుంది.

"తేనె తేడా కొట్టీసిందండి" అంది.

సంగతేమిటంటే, కోటబొమ్మాళి సంతలో కూరగాయలు అమ్మే ఆమె పుట్టింటి వదిన తేనె నాకించాలని ముందే అనుకున్నారు. సంతలో ఆవిడతో బేరమాడి గెలిచినవాడు లేడట. తీరా కాన్పు రోజున ఆ వదిన వస్తున్న ఆటో రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. ఒక గూడ్సు వెళ్ళింది, ఇంకోటొచ్చింది. ఈలోగా బిడ్డ పుట్టడం, గుక్కపెట్టి ఏడవడం జరిగిపోయాయి. ఆసుపత్రిలో నాయనమ్మకి తోడున్నది మేనత్త ఒక్కతే. పిల్ల తండ్రికి అక్క, నాయనమ్మకి సొంత కూతురు. ఏడుపు ఆపడానికి నాయనమ్మే కంగారులో తేనె సీసా ఆమె చేతికిచ్చేసింది.

"నా కూతురే, కాదన్ను" అంది నాయనమ్మ. "గానీ ఉన్న మాట సెప్పాల. దాని నోట్లో నాలికుందో నేదో ముప్పై ఏళ్ళు పెంచిన నాకే తెలవదు. పొద్దున్న ఏటైనా అడిగితే మాపటేలకి ఊఁ అంటాది."

తల్లి బాధ వేరు. "నోరు నేని ఆడదాని బతుకేటవుతాదో మా యింట్లోనే సూత్తన్నాం గదండి. తేనె నాకించిన మా వొదిన్ని అత్తోరు నానా మాటలన్నారు. తిరిగి ఒక్క మాట అన్నేదు. పిల్లా జెల్లా నేరని కూడా అన్నారు, అన్నేదు. ఆకరికి బట్టలు సంచిలో సర్దుకోని వొచ్చీసింది. నా కూతురు అలాగవడానికి నానొల్లను."

ఆవిడ భయంలో తప్పేమీ కనిపించలేదు నాకు. అయినా ఊరుకోలేక, కొందరు పిల్లలు స్వభావరీత్యా నిదానస్తులు, కొత్త మనుషుల్ని చూసి చూసి గానీ కలవరు అని నాకొచ్చిన శాస్త్రమంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అదే గదండి, తేనె" అంది. పుట్టుకతో వచ్చే గుణాలు కొన్నుంటాయన్నాను. "తేనె పుట్టగానే గదండి నాకిత్తారు" అంది. ఏ దారిలో వెళ్ళినా ఆవిడ తేనె దగ్గరికే తీసుకొచ్చి దింపేది.

అప్పటికే వాళ్ళు విరుగుడు మొదలుపెట్టేశారు. తల్లి ఫ్యాక్టరీకి పోతుంటే పుట్టిన దగ్గర్నుంచీ పిల్లని పెంచింది పక్క వీధిలో వేరుగా ఉండే ఆ మేనత్తే. ఇప్పుడు పిల్ల ఆమె గుమ్మం తొక్కకూడదు, ఆమె పిల్లని ఎత్తుకోకూడదు. మాటకారుల సావాసంలో ఉంచితే మార్పొస్తుందని పగలంతా నాయనమ్మ దగ్గరా, అంగన్‌వాడీ టీచరు దగ్గరా ఉంచుతున్నారు. కోటబొమ్మాళి వదిన మంచి రోజు చూసుకుని వచ్చి, కొత్త సీసా తెచ్చి, మళ్ళీ తేనె నాకించి, "ఇంక సూసుకోండి, దీని నోటికి సంతంతా సర్దుకోవాల" అని దీవించి వెళ్ళింది. పిల్ల గౌను అంచుతో నాలుక తుడిచేసుకుంది.

మేనత్తని ఆ రోజుల్లో నేను దూరం నుంచే చూశాను. కేంద్రం మూసే వేళకి ఎదురుగా కొబ్బరి చెట్ల వెనక నిలబడేది. పిల్ల నాయనమ్మ వేలు పట్టుకుని ఇంటి మలుపు తిరిగేదాకా చూసి, గంప నెత్తిన పెట్టుకుని ఇసక వైపు వెళ్ళిపోయేది. "రోజూ ఇంతేనండి. కసిరితే ఎల్తాది, మరుసటి దినం మళ్ళీ వొత్తాది" అంది టీచరు, మొదటిసారి గొంతు తగ్గించి. నేను పలకరిద్దామని రెండడుగులు వేసేసరికి ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. కడుపున పుట్టకపోయినా పెంచిన పిల్లని అలా చెట్టు చాటు నుంచి చూడాల్సి రావడం ఎవరికీ రాకూడదు.

ఆఫీసరుకి చెబితే, "తేనె తగువులు తీర్చడం మన డ్యూటీ కాదు. చార్టులో వెనకబడిందా లేదా? ఆసుపత్రికి పంపండి" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట సబబుగానే ఉంది. టెక్కలిలో పిల్లల డాక్టరుకి చూపించడానికి రోజు ఖాయం చేశాం. తల్లి ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. తేడా ఉందని డాక్టరు గానీ రాసిస్తే, ఇక మేనత్త ఈ జన్మలో పిల్లని తాకలేదని మాకందరికీ తెలుసు.

ఆ రోజు పొద్దున్న నేను ఆటో మాట్లాడుకుని ఊరికి చేరేసరికి ఇంటి ముందు గుంపు. పిల్ల లేదు.

జడ వేసి, బొట్టు పెట్టి, అరుగు మీద కూర్చోబెట్టారట. తల్లి చీర మార్చుకుని వచ్చేలోగా మాయమైపోయింది. నాయనమ్మ వీధి ఆ చివరా ఈ చివరా కేకలేస్తోంది. టీచరు కేంద్రం వెనక నుంచి అరుస్తోంది. నేనూ అరిచాను. అరుస్తుండగానే నాకు తట్టింది. పిలిస్తే పలకని పిల్లని పిలుస్తూ వెతుకుతున్నాం మేము. నేల బావి ఉంది, ఆ వైపు సముద్రం ఉంది. మీరు పుస్తకాల్లో ఎన్నయినా చదవండమ్మా, పిల్ల కనబడని ఆ కాస్సేపట్లో ఒక్క సిద్ధాంతమూ గుర్తురాదు.

తల్లి ఒక్కసారిగా ఆగి, "వొదిన కాడికి ఎల్లిపోనాదేమో" అని ఇసక వైపు పరుగెత్తింది. మేమూ వెనకే పరుగెత్తాం. కొబ్బరి తోట దాటితే చేపలు ఎండబెట్టే చోటు. నెత్తళ్ళనే వేలెడంత చేపలు పరిచి, పైన పాత వల కప్పి ఉంచుతారు. కాకులూ కుక్కలూ రాకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మా ఒడ్డు పిల్లలు నడక వచ్చిన దగ్గర్నుంచీ చేసే ఉద్యోగం అది.

ఒడ్డున లాగి పెట్టిన ఒక బోటు దగ్గరికి వచ్చేసరికి మాకో గొంతు వినిపించింది. చిన్న గొంతే, కానీ నాభి నుంచి వస్తోంది.

"ఓలి కాకీ, నీ మొకం మండ. పొద్దున్న లెగిసి నా పేనం తియ్యడానికి దాపరించినావు. నీకు పనీ పాటా నేదేటి?"

నేను తల్లి చెయ్యి పట్టుకుని బోటు చాటుకి లాగాను. టీచరు నోరు తెరవబోతుంటే రెండో చేత్తో ఆవిడ నోరు మూశాను. చాటు నుంచి తొంగి చూశాం. తిరగేసిన గంప మీద ఎక్కి, చేతిలో సరుగుడు కర్రతో, పిల్ల కాకులకి ఎదురుగా నిలబడి ఉంది. మేనత్త అంత దూరాన అటు తిరిగి కూర్చుని చేపలు తిరగేసుకుంటోంది. పిల్లని చూడటం లేదు, అడగటం లేదు, మెచ్చుకోవడమూ లేదు.

"అది నా మాటే" అంది నాయనమ్మ గుసగుసగా, సిగ్గుపడుతూ. "ఎవలు నేర్పినారే దీనికి?"

పిల్ల ఇంతలో నడుం మీద చెయ్యి పెట్టి అచ్చం టీచరులా మెడ వంచింది. "అందరూ సేతులు కట్టుకోండి. నోటి మీద ఏలు. ఎవలా అల్లరి సేసీది? నీకు గుడ్డు పెట్టను." నా చేతి కింద టీచరు నోరు దానంతటదే మూతపడింది.

నాకు నవ్వు ఆగడం లేదు. మరుక్షణం ఆగిపోయింది. ఎందుకంటే పిల్ల కర్ర చంకలో పెట్టుకుని, లేని కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, చూపుడు వేలు ఎత్తింది. మాట కూడా ఊరి యాస వదిలేసి మీటింగు భాషలోకి మారింది.

"ఇదిగోండమ్మా, బాగా వినండి. ఆరు నెలలదాకా తల్లిపాలే. మంచినీళ్ళు కూడా వద్దు. తేనె అసలే వద్దు. అర్థమైందా? ఏం అర్థమైంది? చెప్పండి."

ఆ కాకి నా ఉపన్యాసమంతా శ్రద్ధగా విని, ఒక నెత్తల్లి నోట కరుచుకుని ఎగిరిపోయింది. ఊళ్ళలో నా మాట విన్నవాళ్ళు చేసేది కూడా సరిగ్గా అదే.

తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఇసకలో కూలబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "ఇన్ని మాటలు ఎక్కడ దాసినాదండి ఇది" అంది. మాటకారుల మధ్య ఉంచితే మాటలొస్తాయన్న వాళ్ళ లెక్క తప్పు కాదు. ఒక్కొక్కరి మాటా మూట కట్టుకుని దాచుకుంది. విప్పడానికి ఎవరూ ప్రశ్నలు వేయని చోటు, ఎవరూ మధ్యలో అందుకోని చోటు కావాల్సి వచ్చింది, అంతే. దానికి ఊళ్ళో అలాంటి చోటు ఒక్కటే ఉంది, అదే మూసేశాం.

మేము చాటు నుంచి బయటికి రాగానే పిల్ల నోరు టక్కున మూతపడింది. మేనత్త గబగబా లేచింది. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ పిల్లకి ఇంకో నాలుగడుగులు దూరం జరిగింది.

"నాను పిలవనేదు" అంది మరదలితో. "అదే వొచ్చీసినాది. పంపించీదామనే సూత్తన్నాను."

ఆ దూరం జరగడం నాకు గుచ్చుకుంది. తల్లికి కూడా ఏదో తగిలినట్టుంది. కాసేపు పిల్లనీ, ఆమెనీ మార్చి మార్చి చూసి, "ఆటో ఉంది. ఆసుపత్రికి నువ్వూ రా వొదినా" అంది.

"సేపలో?"

"అత్త సూసుకుంటాది."

మేము తోట దాటుతుంటే వెనక నుంచి నాయనమ్మ కాకుల్ని తిడుతున్న గొంతు వినిపించింది. ఇందాక పిల్ల తిట్టిన రాగమే, వీసమెత్తు తేడా లేదు. ఆటోలో ఎవరమూ మాట్లాడలేదు. టీచరు కేంద్రంలో ఉండిపోవాల్సి వచ్చింది కాబట్టి అది సాధ్యమైంది.

టెక్కలి ఆసుపత్రిలో జనం. పిల్లతో ఒక్కరే లోపలికి రావాలన్నారు. తల్లి వెళ్ళింది. నేనూ మేనత్తా బయట బల్ల మీద మిగిలాం. మామూలుగా అయితే ఈపాటికి నేను ఆమె వయసు, ఆరోగ్యం, ఆధార్ అన్నీ అడిగేసి ఉండేదాన్ని. పొద్దున్న కాకి దగ్గర పడిన పాఠం ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాను. నా ఉద్యోగంలో అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు.

"మేడం" అంది ఆమె, చాలాసేపటికి.

"ఊఁ."

"నాను తేనె నాకించనేదండి."

నేను ఆమె వైపు తిరిగాను గానీ, ఏమీ అడగలేదు. ఆమె నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది. "ఆ దినం అమ్మ సీసా నా సేతికిచ్చీసి నాకించీమంది. అంతకు ముందు మీ మీటింగుకి మా మరదలికి తోడు నానూ వొచ్చినాను. తేనె వొద్దని మీరు సెప్పినారు గదా. గుంటకేటైనా అవుతాదని బయమేసింది. ఉత్త ఏలు నోట్లో ఎట్టీసినాను. తేనె కొంగుకి తుడిసీసినాను."

ఊరూరా తిరిగి అన్నేళ్ళు గొంతు చించుకుంటే నా మాట నమ్మి అక్షరాలా పాటించిన మనిషి దొరికింది, ఆ మాటకి ఇంత శిక్ష అనుభవించి ఇలా పక్కన కూర్చుంది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను చివరికి. "ఆ ఒక్క మాట చెప్పేస్తే పిల్లని నీకు దూరం చేసేవాళ్ళు కాదు కదా."

ఆమె లోపలి గది తలుపు వైపు చూసింది. "కోపంగానే అన్నారండి, నాకు తెలుసు. అయినా గానీ, గుంటకి నీ బుద్దులే వొచ్చినాయి, అచ్చం నీలాగే ఉందని అందరూ అంటంటే..." ఆగి, కొంగు వేలికి చుట్టుకుంది. "కాదని సెప్పాలనిపించనేదండి."

చేతి రుమాలు కోసం సంచీలో వెతుకుతూ ఉండిపోయాను.

"ఆలకి సెప్పకండి" అంది.

తలుపు తీసుకుని తల్లి వచ్చింది, చంకలో పిల్లతో. మొహం కడిగినట్టుగా ఉంది. "సెవులు బాగున్నాయట. బుర్ర మా అందరికన్నా బాగుందట. ఇలాటి పిల్లలుంటారట, గోల్లో నోరిప్పరట. ఎక్కడ నెమ్మదిగా ఉంటాదో అక్కడుంచండి, తొందరపెట్టకండన్నాడు. మందు రాయమంటే నవ్వినాడండి. నోరు నేదని ఇన్నాళ్ళూ బెంగెట్టుకున్నాను, దీనికి నోరేటి తక్కువున్నాది. ఎప్పుడిప్పాలో దానికి తెలుసు."

చెబుతూ చెబుతూ వచ్చి పిల్లని వదిన ఒళ్ళో కూర్చోబెట్టేసింది. మేనత్త చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి, పట్టుకోవచ్చో లేదో తెలియనట్టు.

"పట్టుకో వొదినా. రేపట్నుంచి పొద్దున్నే నీ కాడ దింపి ఎల్తాను" అంది తల్లి. "తేనె నువ్వే గదా నాకించినావు. దీని మంచీ సెడ్డా ఇంక నువ్వే సూసుకోవాల." తర్వాత నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఒకపాలి నాకించిన తేనె బుద్ది ఇంక పోదు గదండి మేడం?"

మేనత్త నా వైపు చూసింది. పిల్ల కూడా చూసింది, ఎప్పటిలాగే, ఒక్క మాటా లేకుండా.

"పోదమ్మా" అన్నాను. "జన్మలో పోదు."